పికప్ బండి కమాన్ కట్ట గట్టి చేయించడం, టైరు సైజు ఎంచుకోవడం ఎలా?

వెనక దిగబడ్డ పికప్‌ను చూడగానే షాపులో వినబడే మొదటి మాట "ఇంకో పట్టీ ఎక్కిద్దాం". పట్టీ అంటే బండి బరువు మోసే కమాన్ (లీఫ్ స్ప్రింగ్) కట్టలో ఒక ఉక్కు పలక. సరేనని తలూపే ముందు బండిని ఒకసారి కాంటా ఎక్కించండి. కట్ట అలసిపోయిందా, లోడు ఎక్కువైందా, లోడు పెట్టిన చోటు తప్పా అన్నది కాంటా చెబుతుంది. కంటితో చూసి చెప్పలేం.

మొదట తూకం, తర్వాత టేపు

రోజూ వేసే లోడుతోనే వేబ్రిడ్జికి వెళ్లండి. మూడు తూకాలు తీయించాలి: ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉన్నప్పుడు, బండి మొత్తం ఎక్కాక, వెనక చక్రాలు మాత్రమే ఉన్నప్పుడు. మూడింటిలోనూ డ్రైవరు సీట్లోనే ఉండాలి. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోదానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాంటా ముందూ వెనకా నేల సమంగా లేదని అర్థం, ఇంకో కాంటా చూసుకోండి. ఖాళీ బండికీ ఇదే పద్ధతి.

ఉదాహరణకు మొత్తం 2,950 కిలోలు, ముందు 1,050, వెనక 1,900 వచ్చిందనుకుందాం. ఈ 1,900 అనే అంకె రాసి పెట్టుకోండి, టైరు దగ్గర మళ్లీ పనికొస్తుంది. మొత్తాన్ని ఆర్.సి.లో ఉన్న లేడెన్ వెయిట్‌తో (లోడుతో కలిపి బండికి అనుమతించిన బరువుతో) పోల్చండి. దాన్ని దాటితే కట్టకు చేయించే పని దండగ. కమాన్ గట్టిపడినంత మాత్రాన హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టం), బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, చాసిస్ గట్టిపడవు. ఆర్.సి.లో బరువూ పెరగదు. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కట్ట ఎంత లావుగా ఉన్నా చలానాలో తగ్గింపు ఉండదు.

ఇక టేపు. సమంగా ఉన్న నేల మీద, నాలుగు టైర్లలో సరైన గాలితో బండిని నిలపండి. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలో కలిసిపోతాయి. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి. ఎడమకూ కుడికీ 10 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఒక పక్క పట్టీ విరిగి ఉంటుంది, లేదా కట్ట దిగిపోయి ఉంటుంది. చాసిస్‌కి ఉండే జంపింగ్ రబ్బరుకూ హౌసింగ్‌కూ మధ్య సందు కూడా చూడండి. పూర్తి లోడుతో నిలబడ్డ బండికి రెండు వేళ్లయినా పట్టాలి. అదీ లేకపోతే ప్రతి గుంతకూ ఇనుము ఇనుముకు తగులుతుంది.

ఏ సరుకుకు ఏ కట్ట

నర్సంపేట, పరకాల వైపు నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి వేసుకొచ్చే బండి బాధ ఒకటి, కరీంనగర్ వైపు గ్రానైట్ పలకలు మోసే బండి బాధ ఇంకొకటి. ఇద్దరికీ ఒకే మందు వేస్తే ఎవరో ఒకరి బండి చెడుతుంది.

విడి పత్తి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. తొట్టి మీద ఇంకో తొట్టంత ఎత్తు కడతారు. ఆ బండికి కావలసింది కిందికి దిగకుండా ఆపడం కన్నా పక్కకు ఊగకుండా ఆపడం. కట్ట మంచిగుండి, షాక్‌అబ్జార్బర్లు కొత్తవి పడి, కట్ట కొసల్లోని రబ్బరు బుష్‌లు బిగుతుగా ఉంటే చాలావరకు సరిపోతుంది. బండిని ఇంకా పైకి లేపితే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, మలుపులో వాలడం ఎక్కువవుతుంది.

గ్రానైట్ సంగతి వేరు. ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులు. తొట్టిలో కాస్త అడుగు భాగం నిండేసరికే లోడు అయిపోతుంది. బరువు కిందనే ఉంటుంది కాబట్టి ఊగదు, నేరుగా కట్ట మీద కూర్చుంటుంది. ఇక్కడ హెల్పర్ పట్టీకి అర్థం ఉంది. పలకల్ని తొట్టి వెనక తలుపు వైపు కాకుండా క్యాబిన్ వైపు జరిపి పేర్చండి. వెనక ఇరుసు దాటి వెనక్కి పడే ప్రతి కిలో ముందు చక్రాల మీది బరువును కొంత ఎత్తేస్తుంది, స్టీరింగ్ తేలికైపోతుంది. ఖర్చు లేకుండా అయ్యే మరమ్మతు ఇదొక్కటే.

ఇప్పుడు మూడు దారులు.

ఖాళీగానే ఎత్తు తగ్గి, లోడు మాత్రం పరిమితిలోనే ఉంటే కట్ట అలసిపోయింది. అదే కంపెనీ లెక్క కట్ట, రెండు పక్కలా, కొత్తది వేయించండి. కమాన్ షాపులో పాత పట్టీలకు చల్లగా సుత్తి దెబ్బలతో వంపు తెప్పించే సెట్టింగ్ కూడా ఉంది. కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ దిగుతుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేవాళ్ల దగ్గర మాత్రం పట్టీ పెట్టకండి. కమాన్ ఉక్కుకు ఫ్యాక్టరీలో కాల్చి ఆర్చి ఇచ్చిన పదును ఆ మంటతో పోతుంది. పట్టీ మెత్తబడి వంగిపోతుంది, లేదా కాలిన అంచు దగ్గర విరుగుతుంది. వెల్డింగ్‌కూ ఇదే మాట.

ఖాళీగా ఎత్తు సరిగా ఉండి, లోడు పడ్డప్పుడు మాత్రమే దిగబడుతుంటే హెల్పర్ పట్టీ. ఇది దాదాపు చదునుగా, కట్ట అడుగున ఉంటుంది. ఖాళీ బండిలో మిగతా పట్టీల కొసలకు తగలదు, లోడు పడి కట్ట దిగాకే ఆనుకుంటుంది. అందుకే ఖాళీగా పోయేటప్పుడు నడుం విరగదు.

మూడోది పై పట్టీల కిందనే ఇంకో పూర్తి పట్టీ ఇరికించడం. ఇది ఖాళీగా ఉన్నా, లోడుతో ఉన్నా ఎప్పుడూ పనిచేస్తుంది. దీని లెక్క తెలిసి వేయించండి. ఐదు పట్టీల కట్టకు అదే మందం పట్టీ ఇంకొకటి కలిపితే గట్టిదనం ఉజ్జాయింపుగా ఐదో వంతు పెరుగుతుంది. మందం మారితే లెక్క తలకిందులవుతుంది: గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 7 మి.మీ. పట్టీ బదులు 8 మి.మీ. వేస్తే ఆ ఒక్క పట్టీ గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లు. "ఒక్క మిల్లీమీటరే కదా" అని షాపులో చేతికందిన పట్టీ వేయించుకున్న బండి ఖాళీగా ఉన్నప్పుడు రాయిలా ఎగురుతుంది. ఎగిరిన టైరుకు నేల మీద పట్టుండదు, వానలో బ్రేకు కొడితే వెనక చక్రం జారుతుంది. కొన్నాళ్లకు కట్టను చాసిస్‌కు పట్టించే కమాన్ హ్యాంగర్ల దగ్గర చాసిస్‌లో వెంట్రుకంత పగులు కనబడుతుంది.

పారాబోలిక్ కట్ట ఉన్న బండికి మాత్రం మామూలు పట్టీ కలపొద్దు. రెండు మూడే పట్టీలు, మధ్యలో లావు, కొసలకు పోనుపోను పలచన, పట్టీకీ పట్టీకీ నడుమ సందు: ఇలా ఉంటే అది పారాబోలిక్. మామూలు పట్టీ ఆ సందును మూసేస్తుంది, పారాబోలిక్ పట్టీ లెక్క తప్పిన చోట వంగి విరుగుతుంది.

కట్ట విప్పి ఎక్కించే వరస

ముందు రోజు సాయంత్రమే కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టు నట్ల మీద, కట్ట వెనక కొసను ఊగనిచ్చే షాకిల్ బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టండి. నల్లరేగడిలో తిరిగిన బండి అయితే ముందు నీళ్లతో కడగాలి. ఎండిన రేగడి సిమెంటులా పట్టుకుంటుంది, దాని కింద పగుళ్లు కనబడవు.

కొనాల్సినవి: రెండు పక్కలకూ కలిపి కొత్త యూ బోల్టులు నాలుగు, వాటికి కొత్త నట్లు ఎనిమిది, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టులు రెండు, షాకిల్, హ్యాంగర్ బుష్‌లు పూర్తి సెట్టు. పాత యూ బోల్టు మళ్లీ వాడకండి. ఒకసారి బిగిస్తేనే అది సాగుతుంది, మరలు లాగుతాయి. రెండోసారి ఎంత బిగించినా పట్టు నిలవదు. పట్టీ కలిపితే కట్ట మందం పెరుగుతుంది కాబట్టి యూ బోల్టు పొడవు కూడా ఆ మేరకు పెంచి తెచ్చుకోవాలి.

ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, వెనక చక్రాల నట్లు నేల మీదనే కాస్త వదులు చేయండి. జాకీతో లేపి, స్టాండ్లు చాసిస్ కింద పెట్టండి, హౌసింగ్ కింద వద్దు. జాకీని హౌసింగ్ కిందనే ఉంచి, ఇరుసును మెల్లగా దించుకోవడానికి వాడండి. దించే ముందు మూడు చూడండి: బ్రేకు హోస్ పైపు లాగుకుంటోందా, హ్యాండ్‌బ్రేకు కేబుల్ ఎక్కడైనా తట్టుకుంటోందా, లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వు కడ్డీ ఇంకా హౌసింగ్‌కే ఉందా. కడ్డీ ఉన్న చోటు గుర్తు పెట్టుకుని విప్పేయండి. షాక్‌అబ్జార్బర్ల కింది బోల్టులు కూడా విప్పాలి. ఒకసారికి ఒక పక్కే చేయండి, రెండో పక్క ఇరుసును పట్టి ఉంచుతుంది.

కట్ట కిందికి దిగాక తొందరపడకూడదు. పట్టీల మధ్య చాలా బలం దాగి ఉంటుంది. సెంటర్ బోల్టు విప్పే ముందు దానికి రెండు పక్కలా రెండు పెద్ద సీ క్లాంపులు బిగించి, బోల్టు తీశాక వాటిని కొద్దికొద్దిగా, మార్చి మార్చి వదలండి. క్లాంపు లేకుండా బోల్టు తీస్తే పట్టీలు విచ్చుకుని వేళ్లను కొడతాయి. ఆ సమయంలో కట్టకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు.

ప్రతి పట్టీనీ వైరు బ్రష్‌తో గీకి వెలుతురులో చూడండి. విరిగిన చోటును బట్టి కారణం తెలుస్తుంది. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగితే యూ బోల్టులు వదులుగా తిరిగాయి. మెయిన్ పట్టీ చెవి దగ్గర విరిగితే బుష్ అరిగిపోయింది. రెండో పట్టీ కొస తగిలే చోట మెయిన్ పట్టీ విరిగితే, ఇంతకు ముందు ఎవరో లెక్క లేని లావు పట్టీ కలిపారు. కారణం సరిచేయకుండా పట్టీ ఒక్కటే మారిస్తే అదే చోట మళ్లీ విరుగుతుంది.

పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలచగా రాసి పేర్చండి. కొసల్లో ప్లాస్టిక్ గుండీలున్న కట్ట అయితే గ్రీజు వద్దు, గుండీలు కొత్తవి వేయండి. సెంటర్ బోల్టు తల హౌసింగ్ మీది గుంతలో సరిగ్గా కూర్చోవాలి. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది ఆ తలే. అది కూర్చోకుండా యూ బోల్టులు బిగిస్తే తల తెగిపోతుంది, ఒక పక్క ఇరుసు వెనక్కి జరుగుతుంది, బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది. అలా నడిచే బండిని వెనక నుంచి చూస్తే తొట్టి ఒక దారిన, క్యాబిన్ ఒక దారిన పోతున్నట్టుంటుంది.

యూ బోల్టు నట్లను ఎదురెదురు మూలల వరసలో, మూడు నాలుగు విడతల్లో బిగించాలి. చివరి బిగువు టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెకు. పానకు పైపు తొడిగి ఊగే పద్ధతిలో ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ అవుతుంది.

చాలా షాపుల్లో తప్పేది తర్వాతి పని. షాకిల్, హ్యాంగర్ బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకండి. రబ్బరు బుష్ ఏ భంగిమలో బిగిస్తే దాన్నే తన స్థానం అనుకుంటుంది. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది, కొన్ని నెలల్లో చీలుతుంది, కిర్రు మొదలవుతుంది. చేత్తో పట్టించి వదలండి, బండిని చక్రాల మీదికి దించి నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించండి. షాకిల్ ఖాళీగా ఉన్నప్పుడే ముందుకు వాలిపోతే కట్టకు వంపు ఎక్కువైందని అర్థం. లోడు పడితే కట్ట చదునై పొడవు పెరుగుతుంది, షాకిల్ వెనక్కి ఊగాలి. ఊగడానికి చోటు లేకపోతే దెబ్బ నేరుగా చాసిస్‌కే.

ఎత్తు కోసం హౌసింగ్‌కూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టేవాళ్లున్నారు. దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ వద్దు, ముందు ఇరుసుకు అసలే వద్దు. బ్రేకు కొట్టినప్పుడు ఇరుసు మెలితిరిగి దిమ్మ ఎగిరిపోతుంది. ఎత్తు పెరిగాక 40-50 కిలోమీటర్ల వేగంలో అడుగున గుర్రుమని అదురు వస్తే, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ క్రాసుల కోణం మారింది. హౌసింగ్ సీటు దగ్గర సరైన డిగ్రీల వెడ్జి పెట్టిస్తే పోతుంది.

లోడ్ సెన్సింగ్ వాల్వు

దీన్ని అడిగేవాడూ ఉండడు, చెప్పేవాడూ ఉండడు. చాసిస్‌కి వాల్వు, దాని నుంచి హౌసింగ్‌కి ఒక కడ్డీ లేదా స్ప్రింగు. తొట్టి దిగితే బండిలో లోడుందని అర్థం చేసుకుని వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, తొట్టి లేస్తే తగ్గిస్తుంది. కట్ట గట్టి చేశాక లోడు వేసినా తొట్టి దిగదు. వాల్వు దృష్టిలో బండి ఖాళీ. వెనక బ్రేకు సగం పనే చేస్తుంది, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి కట్ట పని అయిన రోజే ఈ కడ్డీని కంపెనీ కొలత ప్రకారం మళ్లీ సెట్ చేయించండి. కడ్డీని తాడుతో కట్టేయడం, వాల్వు తీసి పైపు నేరుగా కలపడం రెండూ ప్రమాదమే. అప్పుడు ఖాళీ బండికి వెనక చక్రాలు లాకై బండి గిర్రున తిరుగుతుంది.

షాక్‌అబ్జార్బర్ బరువు మోయదు, ఊపును ఆపుతుంది. గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి వచ్చి నాలుగింటినీ జాగ్రత్తగా తాకి చూడండి. పనిచేసేది వేడెక్కుతుంది, చచ్చిపోయింది చల్లగా ఉంటుంది. మారిస్తే జతగా మార్చండి. ఎత్తు పెరిగిన బండికి పాత పొడవు షాక్ వేస్తే గుంతలో చక్రం దిగినప్పుడల్లా పూర్తిగా సాగి, లోపల సీల్ కోసుకుంటుంది.

ముందు వైపు కట్ట బదులు టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న బండ్లలో బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుంది. బార్ మాత్రం గట్టిపడదు. చక్రం కిందికి జారే చోటు తగ్గి, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి.

టైరు: సైజు కన్నా ముందు చూడాల్సింది

టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంటే వెడల్పు 215 మి.మీ., పక్క గోడ ఎత్తు దానిలో 75 శాతం, డిస్కు (టైరు ఎక్కే ఇనుప చక్రం) 15 అంగుళాలు. ఆర్ అంటే రేడియల్. అందరూ ఇక్కడిదాకానే చదువుతారు. దాని పక్కన ఉన్న చిన్న అంకె, లోడ్ ఇండెక్స్, అసలైనది. 100 అంటే ఒక్క టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అంటే 900, 106 అంటే 950, 108 అంటే 1,000, 110 అంటే 1,060, 112 అంటే 1,120. 108/106 అని రెండుంటే పికప్‌కు మొదటిదే చూడాలి, రెండోది జంట చక్రాలకు.

కాంటా మీద వెనక 1,900 వచ్చింది కదా. ఒక్కో టైరుకు 950. రోడ్డు గుంతలకు పదో వంతు కలిపితే 1,045. అంటే 110 కావాలి. ఇప్పుడు షాపులో అదే సైజులో, చూడ్డానికి గంభీరంగా ఉండే ఎస్‌యూవీ టైరు చూపిస్తారు. దాని మీద 100 అని ఉంటే రెండూ కలిసి మోసేది 1,600 కిలోలే. సైజు కలిసింది, డిస్కుకు ఎక్కింది, గాలి పట్టింది, రోడ్డు మీద పేలింది. లైట్ ట్రక్ రకానికి చెందినది, ఎల్‌టీ లేదా సైజు చివర సీ అని ఉన్నది అడగండి. పైగా ఆ బరువు మోసేది పక్క గోడ మీద రాసిన గాలి ఉన్నప్పుడే. 65 పీఎస్ఐ అని ఉన్న టైరును మెత్తగా ఉంటుందని 40లో తిప్పితే, మోసే బరువు కూడా ఆ మేరకు పడిపోతుంది.

సైజు పెంచాలనుకుంటే కొలత ఇలా. 215/75 ఆర్15 ఎత్తు 703.5 మి.మీ. 225/75 ఆర్15 అయితే 718.5, తేడా 2.1 శాతం. 235/75 ఆర్15 అయితే 733.5, అంటే 4.3 శాతం. ఇసుజు పికప్ వీ-క్రాస్‌లో ఉండే 255/60 ఆర్18 నుంచి 265/60 ఆర్18కి వెళితే 12 మి.మీ., 1.6 శాతమే. మూడు శాతం దాటకపోవడం మంచిది. 4.3 శాతం పెరిగితే నేల నుంచి లేచేది సగం, అంటే 15 మి.మీ. దానికి చెల్లించేది ఎక్కువ. స్పీడోమీటరు 80 చూపినప్పుడు అసలు వేగం 83. 4.1 రేషియో ఉన్న హౌసింగ్ 3.93లా పనిచేస్తుంది, ఘాటు ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించాలి, క్లచ్ ప్లేటు తొందరగా పోతుంది. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ లెక్క కూడా తప్పుతుంది.

వెడల్పు కన్ను మోసం చేస్తుంది. అదే డిస్కుకు 20 మి.మీ. ఎక్కువ వెడల్పున్న టైరు ఎక్కిస్తే 10 మి.మీ. లోపలికి, కమాన్ వైపు జరుగుతుంది. మామూలు రోడ్డు మీద తెలియదు. జూలై వానల్లో రేగడి చేలోకి దిగినప్పుడు తెలుస్తుంది: జిగురు మట్టి టైరు లోపలి గోడకూ కట్టకూ మధ్య దూరి, పిండి ముద్దలా గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, లోడుతో కట్ట దిగినప్పుడు కూడా టైరుకూ కట్టకూ, హోస్ పైపుకూ మధ్య అంగుళం సందు ఉండాలి. నల్లరేగడిలో సన్న టైరే నయం. మెత్తటి పైపొరను కోసుకుని అడుగు గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పుది మట్టి మీద తేలుతూ బటన్ (టైరు మీది దిమ్మలు, గాళ్లు) నింపుకుని గుండు టైరులా జారుతుంది.

బటన్ విషయంలో, వారంలో ఐదు రోజులు 163 జాతీయ రహదారి మీద తిరిగే బండికి మామూలు హైవే బటన్ చాలు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవి దారులు, మట్టి రోడ్లు సగం సగం ఉంటే ఆల్ టెరైన్. పెద్ద దిమ్మల మడ్ టైరు తారు మీద మోత పెడుతుంది, తడి రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది. ఒకే ఇరుసుకు ఒక నైలాన్ (రేడియల్ కాని పాత రకం), ఒక రేడియల్ ఎప్పుడూ వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే ముందు, వెనక ఇరుసులకు ఇంజిన్ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు అరుగుతాయి. స్టెప్నీని మరవద్దు.

కొనేటప్పుడు పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గడిలో ఉన్న నాలుగు అంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారైంది. షాపు మూలన ఏళ్లు మగ్గిన టైరుకు బటన్ నిండుగా ఉన్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది. బటన్ 1.6 మి.మీ.కు అరిగితే చట్టం ప్రకారం కూడా దాని పని అయిపోయింది.

ఇక కాగితాలు. 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన, ఆర్.సి.లో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్రాన్స్‌పోర్టు బండి రిజిస్ట్రేషన్‌లో టైరు సైజు, ఇరుసు బరువు కూడా ఉంటాయి. అదే సైజులో ఎక్కువ లోడ్ ఇండెక్స్ టైరు తీసుకుంటే ఏ పేచీ లేదు. సైజే మార్చాలంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

పని అయ్యాక

చక్రాల నట్లు 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య మళ్లీ బిగించాలి, స్టడ్డులకు నూనె రాయకూడదు. యూ బోల్టులను మొదటి లోడు తర్వాత ఒకసారి, 500 కిలోమీటర్లకు ఒకసారి అదే టార్కుకు చూడండి. కొత్త పట్టీల మీద రంగు, పొలుసు నలిగి కట్ట కాస్త సర్దుకుంటుంది, బోల్టు వదులవుతుంది. ఎలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల ఎత్తు దించండి. కట్ట మారాక ఎదుటివాడి కళ్లల్లో పడుతుంటాయి.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. మే నెల మధ్యాహ్నం రామగుండం రోడ్డు మీద నడిచిన టైరులో నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ పెరిగి ఉంటుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది. తక్కువ గాలి ఉన్న టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతుంది, పొరలు విడిపోతాయి. ఎండాకాలం పేలేవి ఎక్కువగా ఇలాంటివే.

నెల తర్వాత టైర్ల మీద చెయ్యి పెట్టి చూడండి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులా అరిగితే తక్కువ, ఒకే అంచు అరిగితే ఎలైన్‌మెంట్, అక్కడక్కడ గుంతలు పడితే షాక్‌అబ్జార్బర్. మొదటి రోజు రాసుకున్న నాలుగు మూలల ఎత్తులు మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కనే రాయండి.